బండి ముందు భాగంలో చప్పుడు
(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల, కార్యదర్శుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము చదివినది సహకార డిప్లొమా. మోటారు పని చదవలేదు. అయినా ఈ రోజు పద్దు పుస్తకాలు పక్కన పెట్టి బండి చప్పుడు గురించి మాట్లాడదలచుకున్నాము. ఎందుకంటే ఆ చప్పుడు మేము మొదట విన్నది పద్దు పుస్తకంలోనే.

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న మన లంకల సంగతి మీకు చెప్పనక్కరలేదు. వరద తీసిన తరువాత దారి మీద ఇసుక మేటో, ఒండ్రో మిగులుతుంది. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద చూసినవారు ఈ సభలోనే ఉన్నారు. అటువంటి దారిలో మామూలు బండి దిగబడుతుంది. పాలు ఆగవు గదా! అందుచేత ఒక లంక సంఘంవారు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత పికప్ బండి కొన్నారు. మంచి పనే చేశారు.

కొన్ని నెలలకు మేము ఆడిట్‌కు వెళ్ళాము. బండి రిపేరు బిల్లులు వరుసగా కనబడ్డాయి. ముందు షాకబ్జర్లు మార్చారు, తరువాత ఎడమ చక్రం బేరింగు, ఆపైన బుష్‌లు. వోచర్లన్నీ సక్రమమే. కాని ఏ చప్పుడు పోవడానికి ఏది మార్చారో ఎక్కడా రాయలేదు. "ఇప్పుడు చప్పుడు పోయిందా?" అని అడిగాము. "లేదండి, అలాగే ఉంది" అన్నారు కార్యదర్శిగారు.

మేమూ బండి ఎక్కాము. తారు రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు బండి పట్టేసినట్టయి, ముందు భాగంలో ఠక్కుమని కొట్టింది. చూస్తే, లంకలో ఇసుక దాటడానికి వేసిన ఫోర్ వీల్ గేరు తీయకుండానే తారు రోడ్డెక్కారు! మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరం తిరగాలి. ఇటువంటి బండ్లలో ఆ గేరు వేస్తే ముందు వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. ఇసుకలో చక్రం జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారదు గనుక ఆ ఒత్తిడంతా గేర్ల మీద, జాయింట్ల మీద పడుతుంది. బండిని తిన్నగా కొంచెం వెనక్కు నడిపి గేరు తీశాము. కొట్టడం ఆగింది.

అందరూ నవ్వారు. "ఇంక చాలు, వెళదాం పదండి" అన్నవారిలో మేమూ ఉన్నాము. డ్రైవరు కుర్రవాడు మాత్రం కదలలేదు. "ఇంకా చిన్న టక్కు ఉందండీ" అన్నాడు. ఇంజను ఆపి, ఒకరిచేత స్టీరింగు అటూ ఇటూ కొద్దిగా కదిలించి, కింద వంగి చూశాడు. ఎడమ చక్రం దగ్గర టై రాడ్ ఎండ్ రబ్బరు చిరిగిపోయి, లోపల ఇసుక చేరి, గుండు వదులై ఆడుతోంది. అది ఊడితే ఆ చక్రం స్టీరింగు మాట వినదు. వారి దారి కాలువ గట్టు. ఒకవైపు నీళ్ళు. వెనుక పది క్యాన్లు వేసుకున్నా నాలుగువందల లీటర్లు, అంటే పాల బరువే 410 కిలోల పైన. సోదరులారా, ఆ రోజు మేము వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

పాలను కంటితో చూసి వెన్న శాతం రాస్తే మీరు ఒప్పుకుంటారా? పరీక్ష చేసి చూపించమంటారు. బండికీ అదే న్యాయం. పరీక్ష లేకుండా భాగం మార్చవద్దు. ఆ తరువాత మంచి మెకానిక్కుల వద్ద కనుక్కుని, మేము రాసుకున్నవి చెబుతాము.

మొదట ఖాళీ క్యాన్లు, మూతలు, జాకీ, స్టెప్నీ దింపి నడపండి. తరువాత బరువుతో నడపండి. చప్పుడు ఎప్పుడు వస్తున్నదో రాయండి.

గుంటలో పడినప్పుడు డక్కుమంటే స్ప్రింగు కట్ట బుష్‌లు, షాకబ్జరు బుష్‌లు, బాల్ జాయింట్లు చూడాలి. బ్రేకు వేసినప్పుడు గరగరమంటే బ్రేకు అరిగినది. బండి కదిలించగానే ఒక్కసారి ఠక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ చూడాలి. స్టీరింగు బాగా తిప్పినప్పుడు టకటకమంటే ముందు ఇరుసు చివరి జాయింట్లు చూడాలి.

వేగంతోపాటు పెరిగే హోరు అయితే టైరుదో, బేరింగుదో తేలాలి. ముందు టైర్లు వెనక్కు మార్చండి. హోరు కూడా వెనక్కు వెళితే అది టైరుది. వెళ్ళకపోతే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా కుడివైపు మలపండి. బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమ బేరింగును అనుమానించాలి.

ఫ్రీ హబ్బులున్న బండి అయితే మరొక సులువున్నది. రెండు హబ్బులూ ఫ్రీ చేసి, ఫోర్ వీల్ గేరు తీసి నడపండి. చప్పుడు పోతే దోషం ముందు షాఫ్టులలోనో, డిఫరెన్షియల్‌లోనో ఉంటుంది. పోకపోతే బేరింగు, బ్రేకు, స్ప్రింగుల వైపు చూడాలి.

తరువాత చేతి పరీక్ష. చదును నేల మీద వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండు కూడా పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరినీ కిందికి పంపవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగితే బేరింగు వదులు. ఆగకపోతే బాల్ జాయింటు లేక కింగ్ పిన్. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే ఆడుతుంటే టై రాడ్ ఎండ్‌లు చూడండి. స్టీరింగులో ఆట కనబడిన బండి మర్నాడు పాలకు వెళ్ళకూడదు. ఆ పూటకు అద్దె బండి పెట్టుకోండి. ఆ ఖర్చుకు మేము ఆడిట్‌లో అభ్యంతరం చెప్పము.

చక్రాల మునుగు నీళ్ళలో నడిచిన బండికి ముందు ఇరుసు ఆయిల్ తీసి చూడండి. అది పాలలాగ తెల్లబడితే నీరు చేరినట్టే. పాలలో నీళ్ళు పట్టుకునే మనకు ఇది కష్టం కాదు. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఉప్పుగాలికి తిరిగే బండ్లను అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి.

పాత బండి కొనబోయే సంఘాలు ఈ పరీక్షలన్నీ సొమ్ము ఇవ్వకముందే చేయించాలి. నాలుగు టైర్లూ ఒకే సైజువి ఉన్నవా అని కూడా చూడాలి. సైజు తేడా ఉంటే ఫోర్ వీల్ గేరు వేసినప్పుడు అదే ఒత్తిడి వస్తుంది.

చివరగా ఒక మనవి. బండిలో ఒక నోటు పుస్తకం ఉంచండి. చప్పుడు ఎప్పుడు, ఎటువైపు, ఏ పరీక్ష చేశాము, ఏది మార్చాము, తరువాత పోయిందా అన్నది రాయండి. రిపేరు బిల్లుతో ఆ పేజీని కూడా పాలకవర్గం ముందు పెట్టండి. డ్రైవరు "ఇంకా ఉందండీ" అంటే విసుక్కోకండి. ఆ మాట విన్నందువల్లనే ఆ సంఘం బండి ఆ సాయంత్రం గట్టు మీద క్షేమంగా ఇల్లు చేరింది.