ఇటరేటర్: గోదావరి వెంట ఒక నడక



నాశిక్, పైఠణ్, నాందేడు, బాసర, ధర్మపురి, భద్రాచలం, రాజమహేంద్రవరం. గోదావరీ తీరస్థలాల ఈ పట్టికను జావా భాషలో ఒక క్లాసులో భద్రపరచారనుకోండి. పట్టిక లోపలి అమరికను బయటపెట్టకుండా పేర్లను ఒక్కొక్కటిగా అందించేదే ఇటరేటర్. దాని ప్రధాన విధులు రెండు: పేర్లు ఇంకా మిగిలి ఉన్నవో లేవో ‘హ్యాజ్‌నెక్స్ట్’ తెలుపుతుంది, ‘నెక్స్ట్’ తరువాతి పేరునిచ్చి అడుగు ముందుకు వేస్తుంది.

ఆ అడుగుల లెక్క ఇటరేటర్ వద్దనే ఉండాలి. పట్టికలోనే ఉంచితే, ఇద్దరు యాత్రికులు ఒకేసారి బయలుదేరినప్పుడు ఒకరి నడక మరొకరిని దారి తప్పిస్తుంది. కనుక అడిగిన ప్రతిసారీ పట్టిక కొత్త ఇటరేటర్‌ను ఇవ్వాలి.

2004కు పూర్వం పేర్ల నడుమ నది పొడవైన 1,465 అనే సంఖ్య చేరినా కంపైలర్ అడ్డు చెప్పేది కాదు. దానిని పేరుగా తీసుకోబోయిన క్షణాన, నడుస్తున్న ప్రోగ్రాము ఆగిపోయేది. ఆ ఏట వెలువడిన జావా 5లోని జెనెరిక్ రకాల వలన ఆ దోషం ముందే పట్టుబడుతుంది. రకం స్థానంలో ‘టి’ అనే అక్షరం ఉంచి వ్రాసిన ఒకే ఇటరేటర్ పేర్లకూ, మార్కులకూ పనికివస్తుంది.

1970వ దశకంలో బార్బరా లిస్కోవ్ బృందం ఎం.ఐ.టి.లో రూపొందించిన ‘క్లూ’ భాషలోనే ఈ రెండు భావాలూ ఉన్నాయి. వాటిని మాతృభాషలో గ్రహించిన విద్యార్థికి జావా సంకేతాలు పరాయివి కావు.