తెలిసిన మందు ఇల్లు చేరాలంటే



శాస్త్రజ్ఞులు ఒక సంగతి కనిపెట్టడం ఒక ఎత్తు, అది మన ఇంటి బిడ్డ నోటిదాకా రావడం మరో ఎత్తు. ఈ దూరాన్ని గురించే రెండు మాటలు మనవి చేస్తాము.

బేదులు పట్టిన బిడ్డకు ముప్పు వచ్చేది ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడం వల్ల. ఉప్పుకు తగుపాళ్లలో చక్కెర తోడైతే పేగు ఆ నీళ్లను పీల్చుకుంటుందని 1968 నాటికే ఢాకా, కలకత్తాల్లో పరిశోధకులు కలరా రోగులలో రుజువు చేసినారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ నీళ్లే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాపించినారు. నూటికి 30 దాకా ఉండిన చావులు 4కు లోపలికి దిగినాయి.

అంతమాత్రాన పల్లెలకు చేరిందా? లేదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980లో మహిళా కార్యకర్తలను ఇల్లిల్లూ తిప్పి, ఉప్పు, బెల్లం, నీళ్లు కలిపే పద్ధతి నేర్పించింది. తల్లికి ఎంత జ్ఞాపకముందో తర్వాత పరీక్షించి, దాన్నిబట్టే కార్యకర్తకు జీతమిచ్చింది. అయినా వాడకం పెరగలేదు. విచారిస్తే, నేర్పేవాళ్లకే నమ్మకం లేదని తేలింది! వాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చినారు. మసీదుల్లో, బజార్లలో మగవాళ్లకూ చెప్పినారు. 1990 నాటికి సుమారు 1 కోటి 20 లక్షల ఇళ్లకు చేరింది.

ఇక మన పులివెందుల సంగతి. నర్సమ్మ, ఆశా కార్యకర్త ప్యాకెట్ ఇచ్చి తెలుగులో చెప్పిపోతారు. ఇంట్లో దాదీ మాట్లాడేది ఉర్దూ. “జులాబ్ అయితే నీళ్లు ఆపాల” అంటుంది. ఆ పూట ఎవరి మాట చెల్లుతుందో మీకు తెలుసు. ప్యాకెట్ అలమారాలో ఉంటుంది, బిడ్డ కళ్లు లోతుకు పోతాయి.

కాబట్టి సంఘం మూడు పనులు చేయాలని మా మనవి. వేసవి రాకముందే ఒక జుమా నాడు నమాజు తర్వాత ఈ మాట ఉర్దూలో చెప్పించాలి. నర్సమ్మ వచ్చినప్పుడు మన ఆడపడుచు ఒకరు వెంట ఉండి, దాదీ చేతనే కలిపించాలి. ఏ ఇంట్లో ఎందుకు వాడలేదో నర్సమ్మకు తిరిగి చెప్పాలి. అది తెలియకపోతే ఆమె మాత్రం ఏం సరిదిద్దుతుంది?

గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. ప్యాకెట్ మీద రాసినన్ని మంచినీళ్లలో పూర్తిగా కలపాలి. తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పెక్కువై హాని. కొంచెం కొంచెంగా తాపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, తిండి ఆపరాదు. జింకు మాత్రలు బేదులు కట్టినా 14 రోజులు వేయాలి. నెత్తురు పడినా, బిడ్డ తాగలేకున్నా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మందు ఎప్పుడో దొరికింది. దాన్ని గడప దాటించే పని మనది.