మహిళా అధ్యయనం చదివిన మన పిల్లలకు ఏ దారి?



పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా పాత విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పావగడలోనే బి.ఎ. పూర్తి చేసింది. చేతిలో ఎం.ఎ. మహిళా అధ్యయనం ప్రవేశానికి దరఖాస్తు ఉంది. తండ్రి వేరుశనగ రైతు. కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాడు: "బీఈడీ చదివితే టీచరైతారు, నర్సింగు చదివితే నర్సైతారు. ఇది చదివితే ఏమైతారు మేడమ్?"

న్యాయమైన ప్రశ్న. రెండేళ్ల హాస్టలు ఖర్చు, వాయిదా పడే పెళ్లి, చుట్టాల మాటలు, అన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలిసినవారిని అడిగి, నోటిఫికేషన్లు తిరగేసి తెలుసుకున్న సంగతులు ఈరోజు మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఈ చదువు ఎలా వచ్చిందో చూద్దాం. 1971లో కేంద్ర ప్రభుత్వం దేశంలో స్త్రీల స్థితిగతుల మీద ఒక కమిటీ వేసింది. జనాభాలో ఆడవారి నిష్పత్తి తగ్గుతోందని, పనుల్లో వారి వాటా కూడా పడిపోతోందని 1974లో ఆ కమిటీ నివేదిక చెప్పింది. అదే సంవత్సరం బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో ఈ విషయంపై పరిశోధన కేంద్రం మొదలైంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత యు.జి.సి. సాయంతో ఇటువంటి కేంద్రాలు ఇతర విశ్వవిద్యాలయాలకూ వచ్చాయి. తెలుగునాట 1983లో ఏర్పడిన తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఈ విభాగం ఉంది. మన కర్ణాటకలో హంపి కన్నడ విశ్వవిద్యాలయంలోనూ, 2003లో ఏర్పడిన విజయపుర మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఉంది. విజయపురలోని ఆ సంస్థకు ఇప్పుడు అక్కమహాదేవి పేరు పెట్టారు.

ఇంతకీ ఈ చదువులో నేర్పేదేమిటి? మన తాలూకాలోనే ఒక ఉదాహరణ ఉంది. తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల ఐదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యంతో పూర్తయింది. రైతులు భూమి అమ్మలేదు, గుత్తకు ఇచ్చారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వానలు లేని నేలకు అది మంచి రాబడే. ఇక్కడ మహిళా అధ్యయనం చదివిన పిల్ల ఒక ప్రశ్న వేస్తుంది. పహణి ఎవరి పేరున ఉంది? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? సెంటు భూమి లేక, ఆ చేలల్లో కలుపు తీసి, కాయలు వలిచి కూలి తెచ్చుకున్న ఆడమనిషి సంగతేమిటి? లెక్కలో రాని మనిషిని లెక్కలోకి తేవడమే ఈ చదువు. నేర్చుకోవలసిన చదువే. కానీ అంతమాత్రాన ఇల్లు గడవదు కనుక ఉద్యోగాల మాటకు వద్దాం.

మొదటిది అధ్యాపక వృత్తి. యు.జి.సి. నెట్ పరీక్షలో మహిళా అధ్యయనం ఒక సబ్జెక్టు. ఎం.ఎ.లో నూటికి 55 మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50 చాలు. నెగ్గితే కళాశాలలో సహాయ ఆచార్య పదవికి అర్హత వస్తుంది. అయితే ఈ విభాగం ఉన్న కళాశాలలు కొద్ది, పోస్టులు ఇంకా కొద్ది. హైస్కూలు టీచరు కావాలనుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చూసేది బి.ఎ.లో చదివిన బోధనా సబ్జెక్టులను. మహిళా అధ్యయనం బడిలో చెప్పే పాఠం కాదు. కనుక బి.ఎ.లో చరిత్రనో, కన్నడమో, ఆంగ్లమో వదులుకోకండి.

రెండోది ఏ పట్టా అయినా చెల్లే పోటీ పరీక్షలు. కె.ఎ.ఎస్., గ్రామ పంచాయతీ అభివృద్ధి అధికారి వంటివి ఈ కోవలోవి. కర్ణాటకలో 2010 నుంచి పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. గెలిచిన ఆమె కుర్చీలో కూర్చుంటే మాట మాత్రం భర్త చెప్పే చోట, విషయం తెలిసిన అధికారి ఉంటే ఎంత తేడా వస్తుందో ఊహించండి. ఇక యు.పి.ఎస్.సి. ఐచ్ఛిక విషయాల్లో మహిళా అధ్యయనం లేదు. సమాజశాస్త్రం ఉంది, అది దీనికి దగ్గర బంధువు.

మూడోది చట్టాలు తెచ్చిన పని. 2005 గృహ హింస చట్టం రక్షణాధికారులను, సేవా సంస్థలను ఏర్పరచింది. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో ఆపదలో ఉన్న స్త్రీకి వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట అందాలి. అక్కడ కేస్ వర్కర్లు, కౌన్సెలర్లు ఉంటారు. ఇవి చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు. నోటిఫికేషన్లలో సోషల్ వర్కు, న్యాయశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పేర్లే ఎక్కువగా కనబడతాయి. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యురాలో సభ్యుడో ఉండాలి. నిబంధనల్లో ఆ సభ్యులకు రాసిన భత్యం రోజుకు 200 రూపాయలు, ప్రయాణ ఖర్చులు. అది గౌరవమే కానీ జీతం కాదు. సంస్థల్లో ఈ చట్టంపై శిక్షణ ఇచ్చేవారికి మాత్రం పట్టణాల్లో మంచి గిరాకీ ఉంది.

ఇవి కాక స్వయం సహాయక సంఘాలతో పనిచేసే పథకాలు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికలు, సర్వేలు, అనువాదాలు ఉన్నాయి. అనువాదం మాట వచ్చింది కనుక నా పొరపాటు ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా వీధిలో ఒకామె నా చేత అర్జీ రాయించుకుంది. ఆమెకు తెలుగే వచ్చు. ఆఫీసులో కాగితం కన్నడంలో ఉండాలి. ఆమె చెప్పింది: "కొడతాడక్కా, ఇంటికి రూపాయి ఇయ్యడు, మా అమ్మ పెట్టిన గొలుసు కుదువ పెట్టి తాగినాడు." నేను కన్నడంలో క్లుప్తంగా, మర్యాదగా రాశాను: 'గండ దినా జగళ మాడుత్తానె', అంటే భర్త రోజూ పోట్లాడతాడని. కాగితం చదివినవారు సర్దుకుపొమ్మని ఇద్దరినీ ఇంటికి పంపారు. ఆ తర్వాత ఒక లాయరు నాకు చెప్పారు: కొట్టడం ఒకటి, ఖర్చుకు డబ్బివ్వకపోవడం ఒకటి, స్త్రీధనం కాజేయడం ఒకటి, గృహ హింస చట్టంలో ప్రతిదీ హింసే, రెండో మూడో వాటిని ఆర్థిక హింస అంటారని. ఆమె మూడూ చెప్పింది. నేను మూడింటినీ కలిపి 'జగళ' చేశాను. నాకు కన్నడ వ్యాకరణం వచ్చు, అందులో ఏది వదలకూడదో తెలియలేదు.

శ్రోతలారా, మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా మనది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. బెంగళూరు నుంచి ఎంత పెద్ద పట్టా తెచ్చుకున్నవారికైనా ఈ రెండు భాషల మధ్య జారిపోయే మాట పట్టుకోవడం కష్టం. మన పిల్లలకు అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. దానికి ఈ చదువు తోడైతే, ఆ అర్జీ సరిగ్గా రాయగల మనిషి తయారవుతుంది.

ఇక ఈ చదువులో చేరబోయేవారికి, అబ్బాయిలకు కూడా, నాలుగు మాటలు. విశ్వవిద్యాలయానికి యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఎం.ఎ.తోపాటు రెండో కాలు ఒకటి సిద్ధం చేసుకోండి: న్యాయశాస్త్రమో, సోషల్ వర్కో, కంప్యూటరు మీద లెక్కలు చూడటమో. సెలవుల్లో ఏదైనా సేవా సంస్థలో పనిచేసి అనుభవ పత్రం తెచ్చుకోండి. నోటిఫికేషన్‌లో మీ పట్టా చెల్లుతుందో లేదో ఫీజు కట్టకముందే చదవండి.

ఆ రైతుకు నేను బాకీపడిన జవాబు ఇదీ. అన్నా, ఈ చదువు చదివితే ఫలానా ఉద్యోగం తప్పక వస్తుందని రాసి ఇవ్వలేను. ఇంకో చదువు తోడుంటే తిండికి లోటు రాదని మాత్రం చెప్పగలను. మీ అమ్మాయి రాసిన కాగితంతో మన వీధి ఆడబిడ్డ ఉత్త చేతులతో తిరిగి రాదు.