పట్టిక తెరచుకొనును, వ్రాయనీయదు
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



1897లో కుముదవల్లిలో వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయము వెలసినదియు, 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడినదియు, అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు జీవితమును ధారవోసినదియు ఈ ప్రాంతమువారికి క్రొత్తగా చెప్పవలసిన సంగతులు కావు. నేటి విషయము అంత యున్నతమైనది కాదు. బల్లపైనున్న కంప్యూటరులో పుస్తకముల పట్టిక తెరచుకొనును. కాని అందొక్క అక్షరమును వ్రాయనీయదు. అట్లేల జరుగును, దానిని సరిచేయుట యెట్లు అనునదియే ప్రస్తుతాంశము. చిన్న సంగతివలెనే తోచును. కాని యట్లు జరిగిననాడు పుస్తకమును తిరిగి యిచ్చిన చందాదారుడు పట్టికలో బాకీదారుడుగనే మిగిలిపోవును. చేతనైనవారెవరో వచ్చి తొందరలో చేసిన చికిత్సవలన కొన్ని నెలలకు పట్టికయే మాయమగుటయు కలదు. రోగముకంటె ఆ చికిత్సయే ప్రమాదకరము.

కాగితపు రిజిష్టరు నాళ్లలో అనుమతులను గూర్చిన చర్చ యుండెడిది కాదు. రిజిష్టరు గ్రంథపాలకుని బల్లసొరుగులో నుండెడిది. చూడగోరినవారికి చూపెడివారు. వ్రాయువాడు గ్రంథపాలకుడు. చినిగిపోయిన పుస్తకమును పట్టికనుండి కొట్టివేయవలెనన్న కార్యదర్శి సంతకము కావలెను. సొరుగు తాళముచెవి యెవరియొద్ద నుండవలెనో నిర్ణయించువాడును కార్యదర్శియే. చూచుట, వ్రాయుట, కొట్టివేయుట, తాళముచెవుల నొసగుట: ఈ నాలుగధికారములు నాలుగు మెట్లని పల్లెటూరి సంఘములకు ఎవరును నేర్పలేదు. కంప్యూటరు చేయునదియు నింతే. కాని అది ముఖము చూచి మనిషిని గుర్తింపదు. ఏ పేరుతో ప్రవేశించినారో ఆ పేరునుబట్టి అధికారము నిచ్చును.

భారతదేశమున గ్రంథాలయ పట్టికలను కంప్యూటరుకెక్కించుటకు యునెస్కోవారి సి.డి.ఎస్./ఐసిస్ అను ప్రోగ్రాము మిక్కిలి తోడ్పడినది. చిన్న కంప్యూటర్లపై నడచు దాని రూపము 1985లో వెలువడినది. కేంద్రప్రభుత్వపు నిస్సాట్ పథకమువారు దానిని ఈ దేశమున వ్యాప్తిలోనికి తెచ్చిరి. తరువాత 1992లో మైక్రోసాఫ్టు ఆక్సెసు వచ్చినది. ఆ కాలపు ఇండ్లలోని, చిన్న కార్యాలయములలోని కంప్యూటర్లలో, అనగా విండోసు 95, 98 నడచిన వానిలో, ఫైలుకు యజమాని యనువాడు లేడు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడే యజమాని. 2001లో విండోసు ఎక్స్.పి. వచ్చి, ఎన్.టి.ఎఫ్.ఎస్. అను డిస్కు పద్ధతి సామాన్యుల బల్లలపైకి చేరినది. అప్పటినుండి ప్రతి ఫైలుకును, ప్రతి ఫోల్డరుకును ఒక యజమానియు, ఎవరేమి చేయవచ్చునను జాబితాయు ఏర్పడినవి. "పాత కంప్యూటరులో పదేండ్లు నడచిన పట్టిక క్రొత్తదానిలో నడువలేద"ను ఫిర్యాదునకు తరచుగ మూలమిదియే. పట్టిక చెడలేదు, అది చేరిన యింటికి తలుపులున్నవి.

ఇక అసలు చిక్కు. ఆక్సెసు పట్టిక చూచుటకు ఒకే ఫైలు. దానికి వ్రాయు అనుమతి నిచ్చిన చాలునని యెవరైనను తలతురు. చాలదు. పట్టికను తెరచిన క్షణముననే ప్రోగ్రాము అదే ఫోల్డరులో మరియొక చిన్న ఫైలును పుట్టించును. దానిని లాకు ఫైలందురు. పాత ఎమ్.డి.బి. పట్టికలకైనచో దాని పేరు చివర ఎల్.డి.బి. అనియు, 2007లో వచ్చిన ఏ.సి.సి.డి.బి. పట్టికలకైనచో ఎల్.ఏ.సి.సి.డి.బి. అనియు నుండును. ఏ కంప్యూటరునుండి ఎవరు పట్టికను వాడుచున్నారో అందు వ్రాయబడును. చివరివారు పట్టికను మూసినప్పుడు అది తొలగిపోవును. రిజిష్టరును తీసినవాడు తన పేరు వ్రాసిన చీటిని సొరుగులో నుంచి, రిజిష్టరును తిరిగి పెట్టునప్పుడు ఆ చీటిని తీసివేయుట వంటిదిది. సొరుగులో చీటి పెట్టుటకు అనుమతి లేనివానికి రిజిష్టరుపై ఎంత యధికార మిచ్చినను ప్రయోజనము లేదు. ప్రోగ్రాము పట్టికను చదువుటకు మాత్రమే తెరచును, లేదా తెరువనే తెరువదు. చీటి పెట్టగలిగియు తీయలేనివాడైనచో అది యక్కడనే పడియుండును. మరునాడు వచ్చినవారు పట్టికను మరెవరో వాడుచున్నారని భ్రమపడుదురు.

కావున అనుమతి నీయవలసినది ఫైలునకు కాదు, ఫోల్డరునకు. మరియొక కారణమును గలదు. పట్టిక పెరిగినకొలది దానిని కుదించుటకు "కాంపాక్టు" అను పని చేయుదురు. అప్పుడు ప్రోగ్రాము అదే ఫోల్డరులో క్రొత్త ఫైలును తయారుచేసి, పాతదాని స్థానమున నిలుపును. పాత ఫైలునకు విడిగా ఇచ్చిన అనుమతులు పాత ఫైలుతోనే పోవును. నిన్న సరిచేసిన దోషము నేడు మరల వచ్చినదని విసుగుకొనువారు ఈ సంగతిని తెలిసికొనవలెను.

చేయవలసిన విధానము క్లిష్టమైనది కాదు. కంప్యూటరుపై సర్వాధికారముగల ఖాతాతో, అనగా అడ్మినిస్ట్రేటరుగా ప్రవేశింపవలెను. పట్టికకు మొదట ఒక నకలు తీసి వేరొక డిస్కులో భద్రపరుపవలెను. ఈ మెట్టును దాటివేయువారే యెక్కువ. పిమ్మట పట్టికకొరకై ప్రత్యేకముగ నొక ఫోల్డరు నేర్పరచి, దానిపై మౌసు కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులో సెక్యూరిటీ అను పుటను తెరువవలెను. అందు పట్టికలో వ్రాయు సిబ్బందిని ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపునకు "మోడిఫై" అను అనుమతి నీయవలెను. చదువుట, వ్రాయుట, క్రొత్త ఫైలును పుట్టించుట, తొలగించుట అన్నియు అందిమిడియున్నవి. ఏదైన అనుమతి యెదుట "డినై" అను గడిలో గుర్తు పెట్టియున్నచో దానిని తీసివేయవలెను; సాధారణముగ నిరాకరణమే అనుమతిని మించును.

ఆ "మోడిఫై" పైననే "ఫుల్ కంట్రోల్" అను మాట కనబడును. తొందరలో నున్నవాడు దానినే నొక్కును. గుంపు పేరునకు బదులు "ఎవ్రివన్", అనగా అందరును, అని వ్రాయును. తక్షణము పట్టిక తెరచుకొనును, అందరును సంతోషింతురు. కాని ఫుల్ కంట్రోల్ అనగా వ్రాయుట మాత్రమే కాదు. అనుమతులను మార్చుటయు, యాజమాన్యమును గ్రహించుటయు అందు చేరియున్నవి. తాళముచెవి నిచ్చుట వేరు, తాళములనే మార్చుకొనుమనుట వేరు. అటుపిమ్మట వేసవిసెలవులలో కంప్యూటరు నేర్చుకొనుటకు వచ్చిన పిల్లవాడు, అనవసరమైన ఫైళ్లనుకొని ఆ ఫోల్డరును తుడిచివేసినచో తప్పెవరిది? అతడు బీరువా పగులగొట్టలేదు. బీరువాకు తలుపే లేదు. మోడిఫై అధికారముగలవాడును పట్టికను చెరుపగలడు, నిజమే. అందువలననే ఆ గుంపున ఇద్దరో ముగ్గురో మాత్రమే యుండవలెను, ప్రతిదినము నకలు తీయవలెను. పట్టికను చూచుటకు వచ్చు చందాదారులకు ఆ ఫోల్డరును చూపనక్కరలేదు. వారికై పట్టిక నకలును వేరుగ నుంచిన చాలును. ఎవరే పుస్తకమును తీసికొనిపోయిరో అందరికిని తెలియవలసిన పనియు లేదుగదా.

పట్టికను ఎక్కడ నుంచినారో కూడ చూడవలెను. ప్రోగ్రాములుండు "ప్రోగ్రాం ఫైల్సు" ఫోల్డరులోనే పట్టికను గూడ ఉంచుట పాతకాలపు అలవాటు. 2007లో ప్రజలకు విడుదలయైన విండోసు విస్టానాటినుండి సామాన్య ఖాతాలు అక్కడ వ్రాయజాలవు. ఇందొక వింత యున్నది. కొన్ని పాత ప్రోగ్రాములు అక్కడ వ్రాయబోయినచో విండోసు వానిని కాదనక, ఆ వ్రాతను ఆయా వ్యక్తి సొంత ఫోల్డరులో "వర్చ్యువల్ స్టోర్" అనుచోట దాచును. ఉదయము వచ్చినవాడు తన ఖాతాలో వ్రాసినది సాయంత్రము మరియొక ఖాతాతో వచ్చినవానికి కనబడదు. ఇద్దరును నిజమే చెప్పుదురు; ఇద్దరి పట్టికలును వేరు. ఒకరిపై నొకరికి అనుమానము కలుగుటకు ఇంతకంటె కారణమేమి కావలెను? రెండు ప్రతులను పోల్చి ఒకటిగా చేసి, పట్టికను ప్రోగ్రాం ఫైల్సునుండి బయటకు తెచ్చుటయే దీనికి మందు.

కార్యదర్శి తన సొంత ఫోల్డరులో పట్టికను సిద్ధపరచి, ఉమ్మడి ఫోల్డరులోనికి జరుపుటయు సామాన్యమే. ఒకే డిస్కులో జరిపినచో ఫైలు తన పాత అనుమతులనే మోసికొనివచ్చును, ఇతరులకు తెరచుకొనదు. కాపీ చేసినచో క్రొత్త ఫోల్డరు అనుమతులను పొందును. అందువలన అట్టి సందర్భమున కాపీ చేయుటయే మేలు.

కంప్యూటరు చెడిపోయి దాని డిస్కును మరియొకదానిలో పెట్టినప్పుడు సెక్యూరిటీ పుటలో మనిషి పేరునకు బదులు ఎస్ అక్షరముతో మొదలగు పొడవైన అంకెల వరుస కనబడవచ్చును. చూచి భయపడనక్కరలేదు. అది పాత కంప్యూటరులోని ఖాతా గుర్తు. క్రొత్తది దాని నెరుగదు. యజమాని పోయిన ఇంటివంటిదది. అడ్మినిస్ట్రేటరు "అడ్వాన్సుడు" అనుచోట యాజమాన్యమును తానుగ్రహించి, పిదప పైన చెప్పినట్లు గుంపునకు మోడిఫై నీయవలెను.

రెండు మూడు కంప్యూటర్లను తీగతో కలిపి ఒకే పట్టికను వాడుచోట తాళములు రెండు. ఫోల్డరును పంచునప్పుడిచ్చు అనుమతి యొకటి, డిస్కుపైని అనుమతి మరియొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువో అదియే చెల్లును. రెండవది సరిగానున్నను మొదటిది "రీడ్" గనే మిగిలినచో దూరపు కంప్యూటరువాడు చూడగలడేకాని వ్రాయలేడు. పట్టికయున్న కంప్యూటరుముందు కూర్చున్నవానికి మాత్రము ఏ చిక్కును కనబడదు.

డబ్బుపెట్టి కొనలేని గ్రంథాలయములకు లినక్సుపై నడచు లిబ్రె ఆఫీసు బేసు ఉచితముగ లభించును. అక్కడను ధర్మమిదియే. లిబ్రె ఆఫీసు తెరచిన ఫైలు ప్రక్కనే లాకు ఫైలును పెట్టును. కరెంటు హఠాత్తుగా పోయినచో అది మిగిలిపోయి, పట్టికను ఎవరో వాడుచున్నారని చెప్పును. నిజముగ ఎవరును వాడుటలేదని రూఢిచేసికొన్న పిమ్మటనే దానిని తొలగింపవలెను. ఎస్‌క్యూలైట్ అను డేటాబేసు వ్రాయునప్పుడు ప్రక్కన జర్నలు అను చిత్తుఫైలును పుట్టించును. కావున ఫోల్డరులో వ్రాయు అధికారము లేనిదే ఫైలులోను వ్రాయజాలదు. ఇక నొక పొరపాటు. ఒకమారు సర్వాధికారి ఖాతాతో ప్రోగ్రామును నడిపి చూతురు, పని జరుగును. కాని అప్పుడు పుట్టిన ఫైళ్లకు ఆ సర్వాధికారియే యజమాని యగుటవలన, మరునాడు సామాన్య ఖాతాకు ముందున్న వీలును పోవును. విండోసులో "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని ప్రతిదినము నడుపుట కూడ తాత్కాలికోపాయమేకాని చికిత్స కాదు.

సరిచేసినవాడు తన ఖాతాతో చూచుకొని సంతృప్తి చెందరాదు. అతనికి అన్ని తలుపులును తెరచియే యుండును. గ్రంథపాలకుని ఖాతాతో ప్రవేశించి, పట్టికను తెరచి, ఒక పుస్తకము వివరము వ్రాసి మూయవలెను. ఫోల్డరులో లాకు ఫైలు పోయినదో లేదో చూడవలెను. పిమ్మట సహాయకుని ఖాతాతో ప్రవేశించి, ఆ వ్రాసిన పుస్తకము కనబడుచున్నదా యని చూచి, దానిని తీసివేసి, మరల మూయవలెను.