విమాన ఇంధనంలో నీటి జాడ



ఈ పాఠంలో మనం ఒక చిన్న పని గురించి మాట్లాడుకుందాం. విమానం ఎగరడానికి ముందు దాని ఇంధన ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనాన్ని పారదర్శకమైన పాత్రలోకి తీసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తారు. చిన్న శిక్షణ విమానమైతే ఈ పని పైలటే చేస్తారు. పెద్ద విమానాల్లో నిర్వహణ సిబ్బంది నిర్ణీత వ్యవధుల్లో చేస్తారు. నీరు గాని, తుప్పు గాని, ఇసుక గాని ఉందేమోనని వెతుకుతారు. చూడటానికి సులువే. కానీ ఆ పాత్ర చెబుతున్నదేమిటో సరిగా అర్థం కావాలంటే మీరు తరగతిలో చదివిన సాంద్రత, స్నిగ్ధత, ద్రావణీయత అన్నీ పనికి వస్తాయి.

మూత బిగించిన ట్యాంకులోకి నీరు ఎలా వస్తుంది? ఒక దారి అందరికీ తెలిసిందే. రెక్క మీద ఉండే మూత రబ్బరు అరిగిపోతే వానాకాలంలో ఆ సందులోంచి నీరు లోపలికి దిగుతుంది. రెండో దారి గాలి. ట్యాంకు సగమే నిండి ఉంటే మిగతా జాగాలో తేమగాలి ఉంటుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ గోడల మీద బిందువులుగా మారి కిందికి జారుతుంది. మూడో దారిని మాత్రం ఎవరూ మూయలేరు, ఎందుకంటే అది ఇంధనంలోనే ఉంది. జెట్ విమానాల ఇంధనం, అంటే మన దేశంలో ఏ.టి.ఎఫ్. అని పిలిచేది, శుద్ధి చేసిన కిరోసిన్. మామూలు ఉష్ణోగ్రతలో పది లక్షల పాళ్ల ఇంధనంలో కొన్ని పదుల పాళ్ల నీరు కరిగి ఉంటుంది. కంటికి కనబడదు. ఇంధనం చల్లబడిన కొద్దీ దానికి నీటిని కరిగించుకునే శక్తి తగ్గుతుంది. విమానం పైకి వెళ్లి ఇంధనం చల్లబడగానే, కరిగి ఉన్న నీరు సన్నని తుంపరగా బయట పడుతుంది.

ఇలా బయటపడిన నీరు క్రమంగా అడుగుకు చేరుతుంది. లీటరు నీరు దాదాపు ఒక కిలో తూగితే, లీటరు జెట్ ఇంధనం 775 నుంచి 840 గ్రాములే తూగుతుంది. చిన్న పిస్టన్ ఇంజన్ విమానాల్లో వాడే ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలు ఇంకా తేలిక, సుమారు 720 గ్రాములు. అందుకే నీటిని బయటికి తీసే డ్రెయిన్ వాల్వులను ట్యాంకులో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట పెడతారు. కొత్త రకం సెస్నా 172 విమానంలో ఇలాంటివి 13 ఉన్నాయి: రెక్కకు ఐదు చొప్పున పది, పొట్ట కింద మూడు. ఒక్కటి వదిలేసినా, నీరు ఉన్నది ఆ ఒక్క చోటేనేమో! విమానాన్ని వాలు నేల మీద నిలిపినా నీరు వాల్వు దగ్గరికి కాక మరో మూలకు చేరుతుంది.

మీ ప్రయోగశాలలో ఉపాధ్యాయుల సమక్షంలో, దగ్గర్లో మంట లేకుండా, ఒక గాజు సీసాలో కొంచెం కిరోసిన్, అందులో చెంచాడు నీరు పోసి బాగా కుదపండి. ద్రవం మసకబారుతుంది. ఇప్పుడు ఓపికగా చూడండి. ఆ మసక ముందు పైభాగంలో విడిపోతే అది నీటి తుంపర, ఎందుకంటే నీరు కిందికి దిగుతోంది. ముందు అడుగున విడిపోతే అవి గాలి బుడగలు, పైకి పోతున్నాయి. విమానాశ్రయంలో ఇంధనం పరీక్షించేవారు నమూనా మసకగా కనబడితే సరిగ్గా ఇదే గమనిస్తారు.

నీటి బిందువు దిగే వేగాన్ని స్టోక్స్ సూత్రం చెబుతుంది. బిందువు వ్యాసం సగానికి తగ్గితే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ద్రవం చిక్కనైతే ఇంకా ఆలస్యం. అందువల్ల నిల్వ ట్యాంకుల విషయంలో, ఇంధనం నింపిన తర్వాత అడుగు లోతుకు పెట్రోలైతే 15 నిమిషాలు, జెట్ ఇంధనమైతే ఒక గంట ఆగాలని లెక్క వేస్తారు. నింపిన వెంటనే తీసిన నమూనా శుభ్రంగా ఉన్నా దాన్ని అంతగా నమ్మలేం. నీరు ఇంకా దారిలో ఉండవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. పాత్రలో సగం నీరు, సగం ఇంధనం ఉంటే మధ్య గీత స్పష్టంగా కనబడుతుంది. మరి పాత్ర నిండా నీరే వస్తే? గీత ఉండదు. ద్రవం తేటగా, ఒకే రకంగా, ఎంతో స్వచ్ఛంగా కనబడుతుంది. హడావిడిలో ఉన్నవారు బాగుందనుకుని పారబోస్తారు. అందుకే రంగు, వాసన కూడా చూడాలి. ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌కు లేత నీలం రంగు కలుపుతారు. నమూనా రంగు లేకుండా ఉంటే అనుమానించాలి. జెట్ ఇంధనానికి ఇంచుమించు రంగే ఉండదు కాబట్టి కన్ను చాలదు. సిరంజికి ఒక చిన్న బిళ్ళ తగిలించి దాని గుండా 5 మిల్లీలీటర్ల ఇంధనం లాగుతారు. నీటి తుంపర ఉంటే బిళ్ళలోని పసుపు కాగితం ఆకుపచ్చకు తిరుగుతుంది. చలి దేశాల్లో మరో మోసం: అడుగున నీరు గడ్డకట్టి వాల్వును మూసేస్తే చుక్క నీరు రాదు. రాలేదంటే లేదని కాదు.

నీరు మంచుగా మారితే ఏమవుతుందో 2008 జనవరి 17న ప్రపంచం చూసింది. బీజింగ్ నుంచి లండన్ హీత్రూకు 152 మందితో వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 విమానం నేలకు 720 అడుగుల ఎత్తున ఉండగా ఒక ఇంజను, కొద్ది సెకన్లకే రెండోది శక్తి కోల్పోయాయి. రన్‌వేకు సుమారు 330 మీటర్ల ముందే పచ్చిక మీద పడింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. దర్యాప్తులో తేలినదేమిటంటే, ప్రయాణంలో ఇంధనం మైనస్ 34 డిగ్రీల వరకు చల్లబడింది. ఇంధనం గడ్డకట్టలేదు, అందులోని నీరు గడ్డకట్టి గొట్టాల లోపలి గోడలకు అంటుకుంది. దిగేటప్పుడు ఇంధన ప్రవాహం పెరగగానే ఆ మంచు ఒక్కసారిగా ఊడి, ఇంధనాన్ని వేడి చేసే పరికరం ముఖాన్ని మూసేసింది. బీజింగ్‌లో నింపిన సుమారు 71 టన్నుల ఇంధనంలో ఉన్న నీరంతా కలిపి ఐదు లీటర్లకు మించదని అంచనా. ఆ ఇంధనం నిబంధనల ప్రకారం మంచిదే! ఆ తర్వాత ఆ రోల్స్ రాయిస్ ఇంజన్లలో ఆ పరికరం ఆకృతినే మార్చారు.

కొన్నిసార్లు నీటిని ఆపడానికి పెట్టిన వస్తువే చిక్కు తెస్తుంది. ఇంధనం నింపే వాహనాల ఫిల్టర్లలో, పసిపిల్లల డైపర్లలో ఉండేలాంటి, నీటిని పీల్చుకుని ఉబ్బే పదార్థం ఉండేది. 2010 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని సురబాయ విమానాశ్రయంలో గొట్టాల విస్తరణ పనుల వల్ల ఇంధనంలోకి ఉప్పునీరు చేరింది. దానితో ఆ పదార్థం సన్నని గుళికలై కేథే పసిఫిక్ ఎయిర్‌బస్ ఎ330 ఇంజన్ల ఇంధన నియంత్రణ భాగాల్లో ఇరుక్కుంది. హాంకాంగ్‌లో దిగేటప్పుడు ఒక ఇంజను వేగం తగ్గలేదు, మరొకటి పెరగలేదు. పైలట్లు గంటకు 425 కిలోమీటర్ల వేగంతో దించక తప్పలేదు.

నీరు నిలిస్తే జీవం కూడా వస్తుంది. కిరోసిన్‌ను తిని బతికే ఒక బూజు ఉంది. దానికి కావలసిన నీరు అడుగునే దొరుకుతుంది. నీటికీ ఇంధనానికీ మధ్య పొరలో పెరిగి ఫిల్టర్లను జిగురుతో మూస్తుంది. అది వదిలే ఆమ్లాలు ట్యాంకు అల్యూమినియాన్ని తింటాయి. బూజును చంపే మందులున్నాయి. కానీ 2020 ఫిబ్రవరిలో లండన్ గాట్విక్ నుంచి బయలుదేరిన ఒక ఎ321లో ఆ మందు మోతాదుకు 38 రెట్లు పడి, రెండు ఇంజన్లూ మొరాయించడంతో వెనుదిరగాల్సి వచ్చింది. నీరు తీసేయడమే చవకైన మందు.

నమూనాలో నీరు కనబడితే, పూర్తిగా ఇంధనమే వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తీస్తారు. అవసరమైతే రెక్కలను మెల్లగా ఊపి, కాసేపు ఆగి, మళ్ళీ తీస్తారు. ఎంత తీసినా నీరు ఆగకపోతే విమానాన్ని నేల మీదే ఉంచి ఇంజనీరును పిలుస్తారు. కలుషితమైన నమూనాను నేల మీద పోయరు, తిరిగి ట్యాంకులోనూ పోయరు. దాని కోసం వేరే డబ్బా ఉంటుంది.