భీముడి విస్తరి నుంచి ఖజానా దాకా

మాటల పుట్టుపూర్వోత్తరాలంటే చెవి కోసుకునే ఒక పెద్దమనిషి స్మృతిలో కూడిన సభ ఇది. అందుకని ఇవాళ్టి విషయం కూడా మాటలే, అందులోనూ తిండి మాటలు.

నారాయణగూడ నుంచి నాలుగడుగులు వేస్తే చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం. పొద్దున పేపర్లు పరిచిన బల్ల దగ్గర నిలబడితే ఈ మాటలు వెతుక్కోనక్కర్లేదు: నిధులు స్వాహా, చెరువును మింగేశారు, రైతును కబళించిన అప్పు. పక్కనే గ్రూప్స్‌కు చదివే అశోక్‌నగర్ కుర్రాడు, ‘‘వాడు పాలిటీ మొత్తం నమిలి మింగేసిండన్నా’’ అంటాడు. ఇంగ్లీషులో ఫ్రాన్సిస్ బేకన్ 1597లోనే రుచి చూసే పుస్తకాలు వేరు, మింగేవి వేరు, నమిలేవి వేరు అని తేల్చాడు. అశోక్‌నగర్‌కు ఆ తేడాలు చూసే తీరిక లేదు.

పొట్ట పెద్దదైతే తెలుగువాడికి ముచ్చటే. భీముడికి వృకోదరుడని పేరు, అంటే తోడేలు కడుపువాడు. ఆత్రంగా తినడానికి ఇంగ్లీషువాళ్లూ తోడేలు పేరునే క్రియగా చేసుకున్నారు, కాకపోతే అది 19వ శతాబ్దపు ముచ్చట. వాళ్ల మతంలో తిండిపోతుతనం మహాపాపం. 6వ శతాబ్దంలో పోప్ గ్రెగరీ తయారుచేసిన పాపాల జాబితాలో దానికి చోటుంది. మనకో? 1957లో ‘మాయాబజార్’ ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు పెళ్లివారి వంటలన్నీ ఖాళీ చేస్తే జనం మురిసిపోయారు.

బకాసురుడి కథ చూడండి. ఏకచక్రపురం వాళ్లు బండెడన్నం, రెండు దున్నలు, ఒక మనిషి చొప్పున వాడికి కప్పం కట్టేవారు. వాణ్ణి చంపడానికి వెళ్లిన భీముడు ముందు ఆ బండెడన్నమూ తనే లాగించాడు. ఒకే అన్నం, ఒకే ఆబ. అయినా ఒకడు రాక్షసుడు, ఒకడు వీరుడు. ఊరి నోటి దగ్గరి కూడు లాక్కున్నవాడే భాషకు పగవాడు.

సంస్కృతంలో రాజుకు భూభుజుడని ఓ బిరుదు. భోజనానికీ భోగానికీ మూలమైన ధాతువే అందులోనూ ఉంది. భూమిని తినడం అప్పుడు పొగడ్త. ఇప్పుడదే పని చేసేవాణ్ణి పేపర్లు భూబకాసురుడంటున్నాయి!

ఖజానా తిండి కూడా కొత్తదేం కాదు. 1905లో మైసూరులో శామశాస్త్రి కంటబడి, 1909లో అచ్చయిన అర్థశాస్త్రం దొంగలెక్కలకు 40 దారులు చెప్పింది. నాలుక మీద తేనె పెట్టుకున్నవాడు చప్పరించకుండా ఉండలేడనీ, నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు గుటక వేసిందో కనిపెట్టలేమనీ కౌటిల్యుడి లెక్క. ఇవాళ్టి ఆడిటర్లు ఒప్పుకోక తప్పదు.

ఇక స్వాహా. అది హోమంలో ఆహుతి వేసేటప్పుడు పలికే మాట, అగ్నిదేవుడి భార్య పేరు కూడా. ఆ మాట వినబడగానే నెయ్యి మంటలో పడి మాయం. నిధులకూ అదే గతి పట్టేసరికి మాట యజ్ఞశాల వదిలి పేపరెక్కింది.

మింగితే ఆనవాలు మిగలదు. మెక్కితే అసహ్యం. మేస్తే నిదానం, ఏళ్ల తరబడి సాగుతుంది. 1996లో బీహార్ దాణా కుంభకోణం బయటపడినప్పుడు ఈ క్రియ తెలుగులో సిద్ధంగానే ఉంది. తెలంగాణలో పేలాలో సత్తుపిండో గుప్పెడు తీసి, తల కాస్త ఎత్తి, నోట్లో పోసుకోవడం బుక్కడం. బుక్కెడు బువ్వ అంటే ఎంత ఆర్ద్రత! ‘‘పైసలు బుక్కిండు’’ అనగానే అదంతా పోయి తిట్టయి కూర్చుంటుంది. అన్నీ దిగమింగినవాణ్ణి నిలదీస్తే మాత్రం నీళ్లు నములుతాడు.

ఏసీబీ వలకు చిక్కిన చిన్న ఉద్యోగుల వార్త చదివి, తిమింగలాలు ఎప్పుడు దొరుకుతాయని జనం అడుగుతుంటారు. తిమి అనే పెద్ద చేపను మింగేది తిమింగిలం, మన తిమింగలం అదే. దాన్ని కూడా మింగేదానికి సంస్కృతం తిమింగిలగిలమని పేరు పెట్టి ఉంచింది. మొదటి పేజీ సబ్ ఎడిటర్లకు ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.