పటిక, సున్నం, ఫ్లోరైడ్

ఢిల్లీలోని సాకేత్ చుట్టుపక్కల మన తెలుగువారి వంటిళ్లలో ఇవాళ ఆర్‌ఓ ఫిల్టరు మామూలైపోయింది. నల్లగొండ పల్లెల్లో మాత్రం బోరు నీళ్లే తాగి పళ్లు గారపట్టినవారు, కీళ్లు బిగుసుకుని నడుము వంగిపోయినవారు తరతరాలుగా ఉన్నారు. కారణం నీటిలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.

నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో దీనికి ఒక ఉపాయం రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. బకెట్ నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కరిగించిన నీళ్లు తగు మోతాదులో పోసి, కాసేపు మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. పటికలోని అల్యూమినియం తెల్లటి హైడ్రాక్సైడ్ తెట్టెలుగా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వాడుకోవాలి. కరెంటు అక్కర్లేదు. పేదవాడి ఇంటిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఇలాంటి రసాయనశాస్త్రమంటే నాకు ఎంతో గౌరవం.

చిక్కులూ ఉన్నాయి. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలి? మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలోనే ఉండిపోతుంది. అందుకే పరిశోధకులు యాక్టివేటెడ్ అల్యూమినా వంటి ఘనపదార్థాల వైపు మళ్లారు. సన్నని రంధ్రాల ఆ గుళికలు ఫ్లోరైడ్‌ను అంటించుకుంటాయి; క్షారంతో కడిగి, ఆమ్లంతో సరిచేస్తే మళ్లీ పనికొస్తాయి.

ఒక్క మాట. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ గాఢత పెరుగుతుంది. ఢిల్లీలోనూ కొన్నిచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువే. బోరు నీళ్లు తాగేవారు తప్పక పరీక్ష చేయించండి.